కోల్‌కతా రేవు లోతును నిర్ణయించేది ఎవరు?

ఆస్ట్రేలియా నుంచి ఉక్కు కర్మాగారాలకు బొగ్గు మోసుకొచ్చే పెద్ద ఓడ చాలాసార్లు ముందు విశాఖపట్నంలో ఆగుతుంది. సగం బొగ్గు అక్కడ దించేసి, మిగతా సగంతో పశ్చిమ బెంగాల్‌లోని హల్దియాకు వెళ్తుంది. విశాఖ కాకపోతే ఒడిశాలో పారాదీప్‌లోనో, ధామ్రాలోనో ఆగుతుంది. షిప్పింగ్ వాళ్లకు ఇది మామూలు లెక్క. నిండు బరువుతో తిన్నగా హల్దియా వెళ్తే ఓడ అడుగు నది నేలకు తగులుతుంది.

హల్దియా, కోల్‌కతా డాకులు రెండూ ఒకే సంస్థ కింద ఉన్నాయి. 2020 నుంచి దాని పేరు శ్యామా ప్రసాద్ ముఖర్జీ పోర్టు. మన మేజర్ పోర్టుల్లో, అంటే కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న రేవుల్లో, నది మీద ఉన్నది ఇదొక్కటే. ఇప్పుడు దీని సంగతి తెలుసుకోవడానికి ఒక కారణం ఉంది. భారత్, బంగ్లాదేశ్ 1996లో చేసుకున్న గంగా జలాల ఒప్పందం గడువు 2026 డిసెంబర్‌తో తీరుతుంది. నీళ్ల పంపకానికీ ఓడరేవుకూ ఏమిటి సంబంధం అనిపించొచ్చు. కానీ ఆ నీళ్లను గంగ నుంచి మళ్లించింది ఈ రేవు కోసమే. ఈ సంగతి అర్థం కావాలంటే ముందు లోతు లెక్క తెలియాలి.

డ్రాఫ్ట్ అంటే: ఒక్క సెంటీమీటరు విలువ

ఓడ నీటిలో ఎంత మేర మునిగి ఉంటుందో దాన్ని డ్రాఫ్ట్ అంటారు. సరుకు ఎక్కించే కొద్దీ డ్రాఫ్ట్ పెరుగుతుంది, దించే కొద్దీ తగ్గుతుంది. గంగవరం, కృష్ణపట్నం లాంటి లోతైన సముద్ర రేవుల్లోకి 18 మీటర్ల డ్రాఫ్ట్ ఉన్న ఓడలు కూడా వస్తాయి. హల్దియాలో అది సుమారు 8 మీటర్లు. కోల్‌కతా డాకుల్లో ఇంకా తక్కువ, 7 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఈ తేడా డబ్బు రూపంలో ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక ఓడ 70,000 టన్నుల బొగ్గుతో 13 మీటర్లు మునిగి ఉందనుకోండి. ఆ సైజు ఓడ ఒక్క సెంటీమీటరు పైకి తేలాలంటే దాదాపు 65 టన్నులు దించాలి. 13 మీటర్ల నుంచి 8 మీటర్లకు రావాలంటే 500 సెంటీమీటర్లు తేలాలి. 500ను 65తో గుణిస్తే 32,500 టన్నులు. అంటే సరుకులో దాదాపు సగం మరో రేవులో దించితే గానీ ఆ ఓడ హల్దియా గడప తొక్కలేదు. ఓడ అద్దె రోజుల లెక్కన పెరుగుతుంది, రెండు రేవుల్లో ఛార్జీలు కట్టాలి. ఆ ఖర్చు చివరికి ఉక్కు ధరలో కలుస్తుంది.

లోతు గంటగంటకూ మారే చోటు

సముద్రంలో సాండ్‌హెడ్స్ అనే చోటు నుంచి కోల్‌కతా డాకు వరకు దారి 200 కిలోమీటర్లు దాటుతుంది. అందులో దాదాపు 145 కిలోమీటర్లు హుగ్లీ నదిలోనే. దారి పొడవునా ఇసుక తిప్పలు అడ్డం పడి ఉంటాయి. అవి ఈ ఏడాది ఉన్నచోట వచ్చే ఏడాది ఉండవు. దామోదర్, రూప్‌నారాయణ్ నదులు హుగ్లీలో కలిసే చోట ఉన్న ఒక తిప్పకు ‘జేమ్స్ అండ్ మేరీ’ అని పేరు. అది 1694లో అక్కడ మునిగిపోయిన ఓడ పేరు. అందుకే హుగ్లీలో విదేశీ కెప్టెన్ ఎంత అనుభవం ఉన్నవాడైనా, స్థానిక పైలట్ ఓడెక్కి దారి చెప్పాల్సిందే.

ఆ పైలట్ చూసుకునేది సముద్రపు పోటు. ఇదీ ఒక ఊహా లెక్కే. తిప్ప మీద మామూలుగా ఉండే నీరు 4.5 మీటర్లు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు ఇంకో 4.2 మీటర్లు తెస్తే మొత్తం 8.7 మీటర్లు. ఓడ అడుగుకూ నేలకూ మధ్య భద్రత కోసం 0.7 మీటర్లు వదిలితే 8 మీటర్ల డ్రాఫ్ట్ ఓడ దాటుతుంది. అదే అష్టమి రోజుల్లో పోటు 2.8 మీటర్లే వస్తే 6.6 మీటర్ల ఓడకే దారి. బొగ్గు ఎంత ఎక్కించుకోవాలో చంద్రుణ్ని బట్టి తేల్చుకోవడం అంటే ఇదే.

పోటు తగ్గాక లోపలున్న ఓడ నేలకు కూర్చుండిపోకుండా కోల్‌కతా, హల్దియా డాకులకు లాక్ గేట్లు పెట్టారు. నీళ్లు నిలవున్న పెద్ద కొలను లాంటిది డాకు. రెండు తలుపుల గది గుండా ఓడను లోపలికి తీసుకుంటారు, నది తగ్గినా లోపలి నీళ్లు తగ్గవు. లాక్ గేటు వల్ల డాకులో లోతు నిలుస్తుంది. దారిలో లోతును మాత్రం అది కాపాడలేదు.

నది వెంట కిందికి దిగుతూ వచ్చిన రేవులు

బెంగాల్ రేవుల చరిత్రంతా పూడిక చరిత్రే. 5వ శతాబ్దంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ సింహళానికి ఓడెక్కిన తామ్రలిప్తి పూడిపోయింది. మధ్యయుగాల్లో వెలిగిన సప్తగ్రామం, దాన్ని ఆనుకుని పారే సరస్వతి పాయ చిక్కిపోవడంతో మరుగున పడింది. తర్వాత పోర్చుగీసువాళ్ల హుగ్లీ పట్టణం, ఆ తర్వాత 1690లో ఇంగ్లీషువాళ్లు దిగిన కలకత్తా. ఖిదిర్‌పూర్ డాకు 1892లో తెరిచారు. ఈనాటి నేతాజీ సుభాష్ డాకు 1920ల చివర్లో కింగ్ జార్జ్ పేరుతో మొదలైంది. 1977లో సముద్రానికి ఇంకా దగ్గరగా హల్దియా డాకు వచ్చింది. ఇప్పుడు ఈ రేవుకు ఏటా వచ్చే దాదాపు 6.5 కోట్ల టన్నుల సరుకులో ముప్పాతిక భాగం హల్దియాదే.

ఇది చదువుతుంటే తెలుగువాళ్లకు కోరంగి గుర్తురావాలి. గోదావరి పాయ మీద ఓడలు కట్టిన, బాగుచేసిన రేవు అది. పూడిక ఒకవైపు, 1789, 1839 తుఫానులు మరోవైపు దాన్ని మింగేశాయి. ఆ 1789 ఉప్పెన గురించి రాసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయనే ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించాడు. హుగ్లీ పూడిపోతోందన్న భయంతో పక్కనున్న మాత్లా నది మీద కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అక్కడ ఉప్పెన వస్తుందని 1853లోనే హెచ్చరించిందీ ఆయనే. వినలేదు. కానింగ్ పేరుతో రేవు కట్టారు. 1867 తుఫానుకు అది దెబ్బతింది, కొన్నాళ్లకు వదిలేశారు. కోరంగి నేర్పిన పాఠం కలకత్తాలో ఒక మనిషి దగ్గర సిద్ధంగా ఉండి కూడా పనికిరాకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

పూడిక ఎందుకు? గంగ ప్రధాన ప్రవాహం కొన్ని శతాబ్దాల కిందటే తూర్పుకు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోకి పారే పద్మ పాయ వైపు జరిగిపోయింది. హుగ్లీకి ఎగువ నుంచి వచ్చే మంచినీరు ఎండాకాలంలో బాగా తగ్గిపోయింది. సముద్రపు పోటు వేగంగా, బలంగా వచ్చి బురదను పైకి నెడుతుంది. వెనక్కి వెళ్లే పాటు మెల్లగా వెళ్తుంది, తెచ్చిన బురదంతా తీసుకుపోలేదు. ఎగువ నుంచి నీరు తోడైతేనే ఆ బురద కదులుతుంది. వానాకాలంలో నది తనను తాను కడుక్కుంటుంది, ఎండాకాలంలో చేతకాదు.

కాటన్ దొర ఆలోచన, ఫరక్కా కట్ట

ఎగువన గంగకు అడ్డంగా ఆనకట్ట కట్టి నీటిని హుగ్లీలోకి మళ్లిస్తే పూడిక కొట్టుకుపోతుందని 1850ల్లోనే సూచించింది మనకు తెలిసిన సర్ ఆర్థర్ కాటనే. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికే పూర్తయింది. ఆయన సూచన వందేళ్లు కాగితం మీదే ఉంది. 1957లో జర్మన్ ఇంజినీరు వాల్టర్ హెన్సెన్ కూడా అదే మార్గమన్నాడు. 1961లో పని మొదలుపెట్టి 1975లో ఫరక్కా బ్యారేజీని వాడకంలోకి తెచ్చారు. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. 38 కిలోమీటర్ల ఫీడర్ కాలువ గుండా 40,000 క్యూసెక్కులు భాగీరథి–హుగ్లీలోకి పంపాలన్నది డిజైన్ (హుగ్లీ ఎగువ భాగం పేరు భాగీరథి). ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు.

అందరూ ఒప్పుకోలేదు. పశ్చిమ బెంగాల్ ఇంజినీరు కపిల్ భట్టాచార్య ఈ పథకం హుగ్లీని కాపాడలేదనీ, ఎగువన మేటలు, వరదలు పెరుగుతాయనీ కట్టకముందే రాశారు. దేశ ప్రయోజనాలకు వ్యతిరేకి అన్న ముద్ర భరించారు.

ఇన్నేళ్ల తర్వాత లెక్క ఎలా ఉంది? బ్యారేజీని సమర్థించేవాళ్లు చెప్పేది: ఎండాకాలంలోనూ హుగ్లీలో మంచినీరు పారుతోంది, కోల్‌కతా తాగునీటిలో ఉప్పు తగ్గింది, ఇది లేకపోతే రేవు ఎప్పుడో మూతపడేది. ఈ చివరి మాటను కొట్టిపారేయలేం. విమర్శకులు చెప్పేది: అనుకున్నంత లోతు రాలేదు, డ్రెడ్జింగ్, అంటే యంత్రాలతో పూడిక తీయడం, ఆగలేదు. మాల్దా, ముర్షిదాబాద్ జిల్లాల్లో గట్లు కోతకు గురై ఊళ్లు నదిలో కలిశాయి. బిహార్‌లో వరదలకు ఈ కట్ట వల్ల పేరుకున్న మేటే కారణమంటూ ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ 2016లో దాన్ని తొలగించాలన్నారు. బంగ్లాదేశ్‌లో గొరాయ్ నది ఎండాకాలంలో ఎండిపోవడం, ఖుల్నా ప్రాంతంలో ఉప్పునీరు చొచ్చుకురావడం అక్కడి ప్రజల గోడు. 1976 మేలో అక్కడి నాయకుడు మౌలానా భాషానీ ఫరక్కా వైపు పెద్ద యాత్రే నడిపారు.

రెండు వాదాలూ ఒకే నది గురించి చెబుతున్నవే. రేవుకు అందిన లాభాన్ని కొలవడం తేలిక. పొలం, ఇల్లు నదిలో పోయిన కుటుంబం నష్టం పోర్టు ఖాతాల్లో ఎక్కడా కనిపించదు. అందుకే ఈ చర్చ తెగదు.

‘మేజర్’ పోర్టు అంటే పెద్ద పోర్టు అని కాదు

ఇక పాలన. ముందు ఒక అపోహ తొలగాలి. మేజర్, నాన్‌మేజర్ అన్నవి సైజును చెప్పే మాటలు కావు, ఏ ప్రభుత్వం కింద ఉందో చెప్పే చట్టపు మాటలు. రాజ్యాంగంలో మేజర్ పోర్టులు కేంద్ర జాబితాలో ఉన్నాయి, మిగతావి ఉమ్మడి జాబితాలో. అందుకే విశాఖ పోర్టు కేంద్రానిది. కృష్ణపట్నం, గంగవరం, కాకినాడ, మచిలీపట్నం ఆంధ్రప్రదేశ్ మారిటైమ్ బోర్డు పరిధిలోవి. గుజరాత్‌లోని ముంద్రా దేశంలోనే అత్యధిక సరుకు దించే రేవుల్లో ఒకటి, అయినా చట్టం దృష్టిలో మేజర్ కాదు.

కోల్‌కతా రేవు పాలన మూడు దశల్లో మారింది. 1870లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్టు కమిషనర్లను నియమించింది. 1975 జనవరిలో 1963 నాటి మేజర్ పోర్టు ట్రస్టుల చట్టం ఈ రేవుకు వర్తించి ‘పోర్ట్ ట్రస్ట్’ అయింది. 2021లో మేజర్ పోర్టు అథారిటీల చట్టం వచ్చింది. విశాఖను కూడా నడిపేది ఇప్పుడు ఇదే చట్టం.

పేరు మారితే ఏం మారింది? ట్రస్టీల బోర్డులో ఓడల యజమానులు, ఎగుమతి దిగుమతి వ్యాపారులు వంటి వర్గాలకు కుర్చీలుండేవి. కొత్త బోర్డును లెక్కపెట్టి చూడండి. చైర్‌పర్సన్, డిప్యూటీ చైర్‌పర్సన్ కలిసి ఇద్దరు. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే, రక్షణ, కస్టమ్స్ నుంచి ఒక్కొక్కరు చొప్పున నలుగురు. కేంద్రం నియమించే అధికారి ఒకరు. ఉద్యోగుల తరఫున ఇద్దరు. ఇవి తొమ్మిది. స్వతంత్ర సభ్యులు ఇద్దరి నుంచి నలుగురు. మొత్తం 11 నుంచి 13 మంది. రాష్ట్రానికి ఒక్క ఓటే.

ధరల సంగతి కూడా మారింది. అంతకుముందు ఓడకు, సరుకుకు ఎంత వసూలు చేయాలో 1997లో ఏర్పడిన టారిఫ్ అథారిటీ నిర్ణయించేది. ఇప్పుడు బోర్డే నిర్ణయించుకుంటుంది. రేవు సుంకం ముందే తెలిసి, స్థిరంగా ఉండటం ఎంత ముఖ్యమో మన నేల మీద ఎనిమిది వందల ఏళ్ల కిందటే రాసిపెట్టారు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం అదే. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే అలవాటును ఆయన మానేసి, నిర్ణీత సుంకం, అంటే ముప్పయ్యో వంతు మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాటిచ్చాడు.

కొత్త చట్టాన్ని సమర్థించేవాళ్ల వాదన: చిన్న బోర్డు త్వరగా నిర్ణయం తీసుకుంటుంది, పక్కనున్న ప్రైవేటు రేవులతో పోటీ పడాలంటే ధరలు తన చేతిలో ఉండాలి. వ్యతిరేకించేవాళ్లది: స్థానిక వ్యాపారులకు గొంతు పోయింది, రాష్ట్రం మాట చెల్లదు, వేల ఎకరాల పోర్టు భూములు ప్రైవేటు చేతికి పోయే దారి తెరుచుకుంది. నా దృష్టిలో అసలు చిక్కు మరోచోట ఉంది. బోర్డులో ఎంతమంది ఉన్నా, నది లోతు వాళ్ల అధికారంలో లేదు.

పూడిక తీసే ఖర్చు ఎవరిది?

హుగ్లీలో డ్రెడ్జర్లు దాదాపు ఏడాదంతా తిరుగుతూనే ఉండాలి. అందులో ప్రధానంగా పనిచేసింది విశాఖపట్నం కేంద్రంగా ఉన్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. 1976లో పుట్టిన ఈ సంస్థలో కేంద్రానికున్న 73 శాతానికి పైగా వాటాను 2019లో విశాఖ, పారాదీప్, జవహర్‌లాల్ నెహ్రూ, దీనదయాళ్ పోర్టులకు బదిలీ చేశారు.

నది పూడికకు రేవు కారణం కాదు కాబట్టి దశాబ్దాల పాటు కేంద్రం డ్రెడ్జింగ్‌కు రాయితీ ఇచ్చింది. దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఒకటి: మిగతా రేవులు తమ ఖర్చు తాము పెట్టుకుంటుంటే ఒక్క రేవుకే దేశం డబ్బు ఎందుకు? రెండోది: తూర్పు, ఈశాన్య రాష్ట్రాలకూ నేపాల్, భూటాన్‌లకూ ఇది సముద్రద్వారం. జాతీయ రహదారిని కేంద్రం బాగుచేసినట్టే ఈ నీటి దారినీ బాగుచేయాలి. నేపాల్‌కు ఇప్పుడు విశాఖ నుంచి కూడా సరుకు వెళ్తోంది. అందువల్ల రెండో వాదన బలం కొంత తగ్గింది కానీ పోలేదు.

ఇంకో విమర్శ సాంకేతికమైనది. తీసిన బురదను నదీముఖంలోనే మరోచోట పోస్తే, పోటుతో అదే మళ్లీ వెనక్కి వస్తుంది. ఒడ్డున పోయాలంటే స్థలం, ఖర్చు ఎక్కువ.

లోతు తక్కువైనప్పుడు దించే వేగమైనా పెంచాలన్నది మరో ఆలోచన. అక్కడ కార్మికుల సంగతి వస్తుంది. హల్దియాలో రెండు బెర్తులను, అంటే ఓడలు ఆగి సరుకు దించే చోట్లను, యంత్రాలతో నడిపిన ఒక ప్రైవేటు సంస్థ 2012లో కార్మికుల గొడవలు, తన సిబ్బంది భద్రత కారణాలుగా చూపి వెళ్లిపోయింది. యంత్రం వస్తే గంటల పని నిమిషాల్లో అవుతుంది. ఆ గంటల మీదే బతికే ఇళ్లూ ఉంటాయి. పోటు తప్పితే ఓడ మరో పన్నెండు గంటలు ఆగాలి కాబట్టి నదీ రేవులో ఈ తగవు ఇంకా పదునుగా ఉంటుంది.

సాగర్ దీవి దగ్గర, తాజ్‌పూర్ దగ్గర లోతైన రేవు కట్టాలన్న ప్రతిపాదనలు ఏళ్లుగా నలుగుతున్నాయి. ప్రస్తుతానికి పెద్ద ఓడల సరుకును సముద్రంలోనే చిన్న ఓడల్లోకి మార్చి తెచ్చే పద్ధతి కొంత ఊరటనిస్తోంది.

నీటి పంపకం లెక్క

1996 డిసెంబర్ 12న దేవెగౌడ, షేక్ హసీనా సంతకాలు చేసిన ఒప్పందం జనవరి 1 నుంచి మే 31 వరకు, పది రోజులకొక లెక్క చొప్పున ఫరక్కా దగ్గర నీటిని పంచుతుంది. సూత్రం ఇలా పనిచేస్తుంది. ఫరక్కా దగ్గర 60,000 క్యూసెక్కులే ఉంటే చెరి సగం, 30,000 చొప్పున. 70,000 వరకు ఇదే పద్ధతి. 72,000 ఉంటే బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలిన 37,000 మనకు. 75,000 దాటితే మనకు 40,000, మిగతాదంతా వాళ్లకు. కాబట్టి 90,000 ఉన్నప్పుడు వాళ్లకు 50,000 వెళ్తాయి. నీరు బాగా తగ్గే మార్చి 11 నుంచి మే 10 వరకు ఒక పది రోజులు ఒకరికి, మరో పది రోజులు రెండోవారికి 35,000 క్యూసెక్కులు తప్పనిసరి. మొత్తం 50,000 కంటే తగ్గితే రెండు ప్రభుత్వాలు వెంటనే మాట్లాడుకోవాలి.

డిజైన్‌లో హుగ్లీకి అవసరమని చెప్పిన 40,000 క్యూసెక్కులు ఈ లెక్క ప్రకారం గంగలో 75,000 ఉన్నప్పుడే పూర్తిగా దక్కుతాయి. అంతకంటే తక్కువ నీరున్న రోజుల్లో, సరిగ్గా పూడిక పేరుకునే కాలంలో, రేవు వాటా కూడా తగ్గుతుంది. అదే సమయంలో దిగువన గొరాయ్ ఒడ్డు రైతుకు కావలసిన నీరూ తగ్గుతుంది. ఎగువన ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో పంటలకు వాడకం పెరిగే కొద్దీ ఫరక్కా దాకా వచ్చే నీరే తక్కువ. ఆ వాడకానికి ఈ ఒప్పందంలో పరిమితి లేదు.

కొత్త ఒప్పందం కుదరాలంటే మాట్లాడుకోవలసింది ఢిల్లీ, ఢాకా. పశ్చిమ బెంగాల్, బిహార్ తమ మాట వినాలంటాయి. పోర్టు అథారిటీకి ఆ చర్చల బల్ల దగ్గర కుర్చీ లేదు. ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 12న ముగుస్తుంది. అది లేకుండా వచ్చే మొదటి ఎండాకాలపు నీటి లెక్క, ఆ తర్వాత ఇరవై రోజులకే, 2027 జనవరి 1న మొదలవ్వాలి.